కొంగుచాటు చేతులు

"వచ్చే నెల నుంచి కొత్తగా వచ్చే పిల్లలకు నువ్వే మైకా పొర తియ్యడం నేర్పాల. మేనేజరు గారికి మాటిచ్చేసినా" అన్నాడు కంపెనీ మేస్త్రీ మాలకొండయ్య, చద్దన్నంలో నిన్నటి చేపల పులుసు కలుపుకుంటూ. ఆ మాట అక్కడితో అయిపోయినట్టే, "ఇంకొంచెం పులుసెయ్" అని కంచం ముందుకు జరిపాడు.

వెంకటశేషమ్మ పులుసు పోసింది. ముక్క కూడా వేసింది. ఆ ఇంట్లో ముక్కలు మగాయనకు, అడుగున మిగిలిన పులుసు అత్తాకోడళ్ళకు. "నన్నడిగే మాటిచ్చినావా?" అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అట్లాంటి మాటలు చాలానే నోటిదాకా వచ్చాయి. తినేవాణ్ణి ఆపి మాట్లాడకూడదని కొన్ని, తిన్న తర్వాత ఇంకెందుకులే అని కొన్ని, మింగేయడం ఆమెకు అలవాటైపోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టని సామెత. ఇక్కడ సొమ్ము పెళ్ళానిది, దానం మొగుడిది, అంతే తేడా.

"చేతగానివాళ్ళను తీసేస్తే గాని కొత్తవాళ్ళకు జాగా లేదు. ముందు ఆ ముత్తుకూరు పిల్ల, సుల్తాన్‌బీని పంపించాల. ముట్టుకున్న పలకంతా వేస్టు చేస్తాది" అని చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి నవ్వాడు. "నన్ను ట్రైనింగు మేస్త్రీని చేస్తారంట మే. చేతులు నీయి, పేరు నాది. ఇద్దరం వేరా ఏంది?"

మాలకొండయ్య చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, ఇంకో గడప తొక్కడు. మన ఊళ్ళలో మొగుళ్ళకు మంచిపేరు వాళ్ళు చేయని పనుల వల్లే వస్తుంది. ఇద్దరం వేరా అని ఆయన అన్నది మనస్ఫూర్తిగానే. ఆ ఒక్కటైన ఇద్దరిలో ఎవరు కనపడతారు, ఎవరు కనపడరు అన్న సంగతి మాత్రం ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

గూడూరు చుట్టుపక్కల నేలలో అభ్రకం పడుతుంది. పిల్లలు దాన్ని కాకిబంగారం అంటారు, కంపెనీవాళ్ళు మైకా అంటారు. గనిలోంచి వచ్చిన పలకలను షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, చిన్న కత్తులతో పొరలు పొరలుగా విడదీయాలి. ఉల్లిపొర కన్నా పలుచగా రావాలి, ఎక్కడా చిరగకూడదు. చిరిగిందానికి కూలి లేదు. బాగా వచ్చింది ఓడలెక్కి పరాయి దేశాలకు పోతుందనీ, అక్కడ కరెంటు సామాన్లలో వాడతారనీ చెప్పుకునేవాళ్ళు. తీసినవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం అప్పటికి కరెంటు లేదు. మైకా రజను మటుకు వాళ్ళ జుట్టులో, పిల్లల చెంపల మీద, అన్నంలో కూడా మెరుస్తూనే ఉండేది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు. పలక చేతిలోకి తీసుకోగానే ప్రతి ఆడదీ పైటకొంగు ముందుకు లాక్కుని చేతుల మీద కప్పుకునేది. కత్తి కొంగు కిందే ఆడాలి. పొర బయటికి వచ్చాక చూస్తే చూసుకోవచ్చు గానీ, అదెట్లా వచ్చిందో పక్కన కూర్చున్నదానికి కనపడకూడదు. మధ్యాహ్నం కూరలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు, ఒకరి బిడ్డకు ఒకరు పాలిచ్చినవాళ్ళు కూడా, పనిలో కూర్చుంటే కొంగు కప్పుకోవాల్సిందే. వేళ్ళు తెగినా కొంగు కిందే తెగేవి. అందుకని వాళ్ళ చీరలన్నిటికీ కొంగు దగ్గర నెత్తుటి మరకలుండేవి, ఎంత ఉతికినా పోయేవి కావు.

మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు జీవానందం గారు ఈ పద్ధతి చూసి ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత బాధపడ్డాడు. మంచి మనిషే. ఆడవాళ్ళందరినీ నిలబెట్టి, "తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పాలమ్మా. విద్య పంచితే పెరుగుతుంది" అని చెప్పాడు. అందరూ బుద్ధిగా తలలూపి, పోయి కూర్చుని, కొంగులు కప్పుకున్నారు. పక్కవాళ్ళకు పని నేర్పినవాళ్ళకు ఎవర్‌సిల్వర్ బిందె ఇస్తానన్నాడు. ఎవర్‌సిల్వర్ అంటే ఇప్పటి స్టీలే, అప్పటికి ఊళ్ళో కొత్త. తళతళలాడే బిందెను తెచ్చి షెడ్డు గుమ్మంలో స్టూలు మీద పెట్టించాడు కూడా. ఆడవాళ్ళు వస్తూ పోతూ దాంట్లో మొహాలు చూసుకున్నారు తప్ప ఒక్కరూ అడగలేదు. ఆగస్టు పదిహేనున జెండా దగ్గర దండ వేయిస్తానన్నాడు, ఫోటో తీయించి ఆఫీసులో పెట్టిస్తానన్నాడు. ఎవరూ కదలలేదు. ఎట్లా కదులుతారు? పక్కామె కుప్ప పెరిగితే తన కుప్ప చిన్నదిగా కనపడుతుంది. చిన్న కుప్పదాన్ని నెలాఖరుకు మేస్త్రీ పనిలోంచి తీసి ఇంటికి పంపేస్తాడు. బిందె చంకన పెట్టుకుని ఇంటికి పోవడానికి ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? ఆ సంగతి ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. ఆయనా ఆడవాళ్ళను అడగలేదు, మేస్త్రీని అడిగాడు. "మీ ఆవిడ చేతికి సాటి లేదంటారు కదయ్యా, ఆమె చేత చెప్పించలేవా?" అన్నాడు. మాలకొండయ్య అక్కడికక్కడే మాటిచ్చేశాడు.

శేషమ్మకు ఆ రోజంతా ఆ మాటే తలలో తిరుగుతూ ఉంది. తనకంటూ ఏముంది ఈ లోకంలో? ఇల్లు ఆయనది, ఇంటి పేరు ఆయనది, పిల్లలు కూడా బళ్ళో ఆయన పిల్లలే. తను చేసే వంటకు పేరు లేదు, రాయి తగిలినప్పుడు తప్ప. వచ్చిన కొత్తల్లో ఈ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో కూడా చెప్పిన దిక్కులేదు. అత్త చెంచమ్మ ఆవకాయలో ఉప్పు పాళ్ళు చెప్పకుండా, "కలుపు, కలుపు, నీకు తెలీనిదా" అని పక్కన కూర్చుని చూసింది. ఆ ఏడు జాడీ మొత్తం బూజు పట్టింది. "మీ అమ్మ ఇంతమాత్రం నేర్పలేదా?" అని మొగుడు అడిగితే, అత్త కొడుకు వైపు జాలిగా చూసింది. పుట్టింట్లో వరి మళ్ళ మధ్య పెరిగిన పిల్ల, మైకా పలకను చేత్తో ముట్టుకున్నది లేదు. ఆ తర్వాత ఎప్పుడో అత్తకు కళ్ళు మసకబారాయి. కంపెనీలో ఆమె కుప్ప చిన్నదైపోయింది. అప్పుడు ఒక తెల్లవారుజామున కోడల్ని పిలిచి, చేతిలో కత్తి పెట్టి, గంజి కాగే పొయ్యి ముందు కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. కత్తికి ముందు బొటనవేలు పని చేయాలి. పలక మూలను కొంచెం వంచి వదిలితే పొరల నడుమకు గాలి పోతుంది. గాలి పోయినచోట వెండి గీత కనపడుతుంది. కత్తి అక్కడ పెట్టాలి, ఇంకెక్కడ పెట్టినా చిరుగుతుంది. ఇంతే విద్య. ఇంతదానికి అత్త దీపం మీద చెయ్యి పెట్టించి, ఇది ఈ గడప దాటకూడదని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు శేషమ్మకు నగలాగా ఉండేది. మెడలో పుస్తెలు కూడా ఒకరు కట్టినవే, ఇది మాత్రం తన చేతిలో ఉంది, అడిగి తీసుకునేవాడు లేడు అనుకునేది. ఆ ఒక్కదాన్నీ ఈ పొద్దు మొగుడు పులుసు కలుపుకుంటూ ఇచ్చేశాడు.

మధ్యాహ్నం షెడ్డు వెనక వేపచెట్టు నీడన ఆడవాళ్ళు సద్ది మూటలు విప్పారు. సుల్తాన్‌బీ తినకుండా, చేతి వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుంటూ శేషమ్మ పక్కకు వచ్చి కూర్చుంది. చిన్న వయసు. మొగుడు మౌలా లారీ కింద కాలు పోగొట్టుకుని మంచాన ఉన్నాడు.

"అక్కా, ఈ నెలతో నాకు సరంట. అన్న చెప్పినాడు" అంది. అన్నంటే మాలకొండయ్య.

శేషమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"పని పోతే మళ్ళీ ముత్తుకూరు పోవాల. ఆడ మా బావ ఇల్లే దిక్కు. ఆ ఇంట్లో నేనెట్ట ఉండగలనో ఆ దేవుడికే తెలుసు. ఈయన్ని వాకిట్లో పడేస్తారు, నన్ను వంటింట్లో పడేస్తారు." సుల్తాన్‌బీ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చుట్టిన పేలికను పంటితో బిగించి, తల ఎత్తకుండానే అడిగింది. "నీ చేతులు ఒక్కసారి చూపిస్తావా అక్కా? నీకిష్టమైతేనే. ఇష్టం లేదంటే వద్దు. నేనేమీ అనుకోను."

శేషమ్మ కలిపిన ముద్దను మళ్ళీ సద్దిలోనే పెట్టేసింది. నీకిష్టమైతేనే. ఎవరన్నా ఎప్పుడన్నా అన్నారా ఈ మాట? పెళ్ళికొడుకును చూసినప్పుడు నాయన అనలేదు, మూడో కాన్పు వద్దని ఏడ్చినప్పుడు మొగుడు అనలేదు, చీర తెచ్చినా "కట్టుకో" అనేవాడు తప్ప నచ్చిందా అనడు. పొద్దున మొగుడు ఆజ్ఞ వేసి పోయాడు, మధ్యాహ్నం ఈ పిల్ల వచ్చి అనుమతి అడుగుతోంది. ఇద్దరూ అడిగింది ఒకే వస్తువు. అయినా మొదటిదానికి ఒళ్ళు మండింది, రెండోదానికి ఏడుపు వచ్చింది. ఏడుపు ఆపుకోవడానికి ఆమె "చూద్దాంలే" అని మూట కట్టేసుకుని లేచిపోయింది. సాయంత్రం దాకా సుల్తాన్‌బీ వైపు చూడలేకపోయింది.

ఇంటికి వచ్చి, పొయ్యి ముట్టించి, చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది. బియ్యంలో మైకా రజను ఏరాలి. చెంచమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అత్తా, కొత్త పిల్లలకు నేర్పమంటున్నాడు నీ కొడుకు. నువ్వేమో ఒట్టేయించుకున్నావు. ఏం చెయ్యమంటావు?"

"వాడు చెప్పమంటే చెప్పు" అంది ముసలామె తడుముకోకుండా.

"మరి ఒట్టు?"

"ఒట్టు నీకు. వాడికేం ఒట్టు?"

శేషమ్మ చేతులు చాటలోనే ఆగిపోయాయి. ఇన్నేళ్ళు నగ అనుకున్నది పలుపుతాడని ఆ క్షణాన తెలిసింది. దాన్ని పట్టుకునే కొస ఎప్పుడూ తన చేతిలో లేదు. కోపంతో కాదు గానీ, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగింది. "నీకెవరు నేర్పినారత్తా?"

చెంచమ్మ తన వేళ్ళ మీది పాత గాట్లు తడుముకుంది. "ఎవురు నేర్పుతారు? నా పక్కన కూచునేది మా మేనత్త కూతురే. కొంగు తియ్యలా. వేళ్ళు తెగ్గోసుకుంటా, తిట్లు తింటా నేర్చుకున్నా. ఈ చేతులు పేడ పిసకడానికి తప్ప పనికిరావని మీ మామ నలుగురిలో అన్నాడు. కిటుకు తెలిసొచ్చిన రోజున ఇంటికొచ్చి ఎవురికి చెప్పుకోవాల్నో తెలీక, పొయ్యి ముందు కూచుని ఏడ్చినా. ఇంత ఏడ్చి తెచ్చుకున్నదాన్ని ఊరికే ఎట్ట ఇస్తామే?"

"నాకిచ్చినావు గదా."

"కళ్ళు పోయినాయి గదా మే. నీ చేతులు తప్ప నాకింకేం చేతులుండాయి?"

ఆ మాటకు శేషమ్మకు అత్త మీద జాలి కలిగింది. కాపురానికి వచ్చాక మొదటిసారి కావచ్చు. ఒకే విద్యను ఒంటరిగా ఏడ్చి నేర్చుకున్న ఆడవాళ్ళు ఆ షెడ్డులో వరసగా, మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నారు. ప్రతి ఒక్కతీ మళ్ళీ మొదటి నుంచి వేళ్ళు కోసుకుంటోంది. ఎవరు బాగుపడ్డారు దీనివల్ల? చేతులు కప్పుకున్న కొద్దీ మేస్త్రీలకే సుఖం. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని బెదిరించవచ్చు. తన మొగుడు ఇన్నేళ్ళుగా చేస్తున్న పని అదే, తను ఇన్నేళ్ళుగా దానికి కట్టెలందిస్తూ వచ్చింది. ఈ ఆలోచన రాగానే ఆమెకు సిగ్గు వేసింది. బియ్యం కడిగి ఎసట్లో పోసింది.

మర్నాడు పొద్దున షెడ్డులో తన చోట కూర్చుని, కొంగు ముందుకు లాక్కోలేదు. వెనక్కి తిప్పి నడుంలో దోపుకుంది. చేతులు రెండూ ఒళ్ళో బయటపడ్డాయి. నలుగురిలో పైట జారినట్టు ఆమెకు ఒళ్ళు ముడుచుకుపోయింది. "సుల్తాన్‌బీ, ఇట్ట రా" అని పిలిచింది. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది.

"నువ్వు కత్తితో తెరవాలని చూస్తుండావు. కత్తి తెరవదు. ఇదో, ఈ మూల ఇట్ట వంచు, ఊరికే వంచి వదిలెయ్. గాలి పోనీ. అగపడిందా తెల్లగీత?"

"అగపడింది అక్కా."

"ఆడ పెట్టు కత్తి. తొయ్యబాక. దారి అదే చూపిస్తాది."

సుల్తాన్‌బీ కత్తి పెట్టింది. పొర పలక మీది నుంచి నెమ్మదిగా లేచి, ఎక్కడా చిట్లకుండా ఆమె అరచేతిలోకి వచ్చింది. ఆ పిల్ల దాన్నే చూస్తూ ఉండిపోయింది. వరసలో కత్తుల చప్పుడు ఆగింది. అందరూ చూస్తున్నారని శేషమ్మకు తెలుసు. చూడనీ అనుకుంది. అనుకుంది గానీ భయం వేసింది. నిన్నటిదాకా ఆ షెడ్డులో తనకు సాటి లేరు, రేపటి నుంచి అందరిలో ఒకతె అవుతుంది. తన చేతిలో ఇంకేం మిగులుతుంది? ఆ భయంతోనే రెండో పలక తీసుకుని మళ్ళీ చూపించింది. ఎదురు వరసలో ఒకామె తన కొంగు కింద బొటనవేలితో పలక మూలను వంచుతూ ఉండడం ఆమె కంటపడింది.

ఆ సాయంత్రం మాలకొండయ్య ఇంటికి వస్తూనే చెప్పులు విసిరేశాడు. "నేను చెప్పమంటే మూగనోము పట్టినావే, దానికి మాత్రం బజార్లో కూచోబెట్టి చెప్తావా? తీసేస్తానని రిపోర్టిచ్చిన మనిషికి? నా మాటకు విలువేముండాది ఇంక? మేస్త్రీ పెళ్ళానివా, ఎవరివి నువ్వు?"

"గడప దాటించేసింది" అంది చెంచమ్మ మూలన కూర్చుని, ఎవరితోనూ కాకుండా.

శేషమ్మ కంచం పెట్టింది. ఆయన కంచం వైపు చూడకుండా తుండుగుడ్డ భుజాన వేసుకుని బయటికి పోయాడు. మగాయన తినకుండా లేస్తే ఆడది కూడా పస్తుండడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆయన వచ్చి, బతిమాలించుకుని, తిన్నాకే ఆమెకు మెతుకు. ఆ రోజు శేషమ్మకు ఆకలి వేసింది. పొద్దుటి నుంచి పని చేసిన మనిషికి వేసే ఆకలే. అత్తకు పెట్టి, తనూ పెట్టుకుని తిన్నది. ముక్క కూడా వేసుకుంది. చెంచమ్మ మసక కళ్ళతో ఆ కంచం వైపు చూసి, ఏమనుకుందో ఏమో, "ఉప్పు సరిపోయింది" అంది. ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

నెలాఖరు వచ్చింది. తీసేయవలసినవాళ్ళను చూడడానికి జీవానందం గారు తనే షెడ్డుకు వచ్చాడు. మాలకొండయ్య ముందు నడుస్తూ సుల్తాన్‌బీ దగ్గర ఆగాడు. చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, మేనేజరు అప్పటికే వంగి ఆమె కుప్పలోంచి ఒక పొర తీసి వెలుతురుకు ఎత్తి పట్టాడు. ఇంకొకటి తీశాడు. మరొకటి తీశాడు.

"ఈమేనా చేతకానిదన్నావు?"

మాలకొండయ్య తుండుగుడ్డ సర్దుకున్నాడు. "అది... మా ఆడమనిషి చెప్పింది సార్ దానికి. ఊరికే, నాలుగు రోజులు."

"మీ ఆవిడా?" జీవానందం గారి మొహం విప్పారింది. వెంటనే చిన్నబోయింది. "మరి బిందె ఇస్తానంటే చెప్పలేదు, దండ వేస్తానంటే చెప్పలేదు. ఈమెకెట్లా చెప్పింది? ఆమెకు ఏం కావాలో కనుక్కోవయ్యా. ఏమిస్తే చెప్తుందో అడిగి నాతో చెప్పు."

శేషమ్మ సుల్తాన్‌బీ పక్కనే, వాళ్ళిద్దరి కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంది. చెయ్యి చాపితే మేనేజరు చెప్పు తగిలేంత దగ్గర. ఆమె కత్తి పక్కన పెట్టి, ఒళ్ళోని రజను దులుపుకుని లేచి నిలబడింది.

"అయ్యా, నేను ఈడనే ఉండా."

"కూచోమే" అన్నాడు మాలకొండయ్య పళ్ళ మధ్య నుంచి.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు గదయ్యా. ఈ పిల్ల నన్ను అడిగింది. ఇష్టం లేకపోతే వద్దని కూడా అన్నది. అందుకని చెప్పినా. మీరు బిందెను తెచ్చి గుమ్మంలో పెట్టినారు. మా ఇంటాయన్ను పిలిచి మాట తీసుకున్నారు. నన్ను మాత్రం అడగలా."

జీవానందం గారు చేతిలోని పొరను తిరిగి సుల్తాన్‌బీ కుప్ప మీద పెట్టి, శేషమ్మ వైపు తిరిగాడు. "తప్పేనమ్మా. ఇప్పుడు నిన్నే అడుగుతున్నా. అందరికీ నేర్పుతావా?"

"నేర్పుతాది సార్, ఎందుకు నేర్పదు? నేను చెప్తా గదా" అన్నాడు మాలకొండయ్య. మేనేజరు ఆయన వైపు తిరగలేదు. శేషమ్మ నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు. వరసల్లోని ఆడవాళ్ళంతా అటే చూస్తున్నారు. ఒక మగవాడు, అందులోనూ పైవాడు, తన జవాబు కోసం కాచుకుని నిలబడడం శేషమ్మ ఎరగదు. సరేనయ్యా అనడం తేలిక. నోరు దానికే అలవాటు పడి ఉంది. అంటే మొగుడి మాటా నిలబడుతుంది, ఇంట్లో పోరూ ఆగుతుంది. ఆమె సుల్తాన్‌బీని చూసింది, ఆ వెనక కొంగుల మరకలను చూసింది.

"ఆలోచించుకోని రేపు చెప్తానయ్యా" అంది. "నేర్పినాక మాలో ఒక్కదాన్ని కూడా పనిలోంచి తియ్యనని మాటిస్తారో లేదో, ఈలోగా మీరూ ఆలోచించుకోని రాండి."